చొక్కా మీది మసి

"నా కొడుకుని చంపిన చేత్తో నాకు మంచినీళ్ళివ్వకు."

పెద్దావిడ గ్లాసు అందుకోలేదు. అక్క చాచిన చేయి చాచినట్టే ఉండిపోయింది.

"అత్తయ్యా, నిన్నట్నుంచీ మీరేమీ ముట్టుకోలేదు. నన్ను తర్వాత తిడుదురుగాని, ముందు రెండు గుక్కలు తాగండి."

"ఎందుకూ, తిట్టడానికి ఓపిక రావాలనా? నాకు ఓపిక ఉందిలే. నిన్ను ఆ జీపెక్కించేదాకా ఉంటుంది."

డాక్టరు లేచి తన అక్క చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్లమీద పెట్టింది. "అత్తయ్యగారూ, ఇంకా ఎవరూ ఏమీ తేల్చలేదండీ. మీరే తీర్పు చెప్పేస్తే ఎలా?"

"తేల్చలేదా? నువ్వు పనిచేసే మార్చురీ నుంచే వచ్చిందిగా కాగితం! గాయం చుట్టూ మసి లేదనీ, తూటా మందు పడలేదనీ, తుపాకీ దూరంగా పేలిందనీ ఇన్స్పెక్టరు నాకు చదివి వినిపించాడు. ఎవడైనా తన గుండెల మీదికి తనే దూరం నుంచి కాల్చుకుంటాడా, డాక్టరమ్మా? నేను బళ్ళో చదువుకోలేదు గాని బుర్ర లేనిదాన్ని కాదు."

ఇన్స్పెక్టరు అడిగింది కూడా ఆ ప్రశ్నే.

బావ పోయి ఆరు రోజులైంది. మధ్యాహ్నం మూడున్నరకి, ఈ ముందుగదిలోనే, కిటికీ పక్క కుర్చీలో, తన లైసెన్సు రివాల్వరు తూటాకే పోయాడు. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. శబ్దం విని పరుగెత్తుకొచ్చానంది. తుపాకీ తుడుచుకుంటుంటే పేలిందని చెప్పింది.

పోలీసులు నమ్మలేదు. బల్లమీద నూనెసీసా మూత బిగించినట్టే ఉంది. తుడిచే బ్రష్షుకి చుక్క నూనె కూడా అంటలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, బావ ఒంటిమీద చొక్కా లేదు. ఆస్పత్రి వాళ్ళు తీసి ఎక్కడో పారేశారని అక్క అంది. తాము వచ్చేసరికే చొక్కా లేదని అంబులెన్సు వాళ్ళు అన్నారు.

తుపాకీ గాయాలతో పోయినవాళ్ళ శవాలు పదకొండేళ్ళుగా పరీక్ష చేస్తున్న డాక్టరు, సొంత బావ కేసులో మాత్రం వేలు పెట్టడానికి వీల్లేక సెలవు పెట్టి ఈ ఇంట్లో కూర్చుంది. పరీక్ష చేసింది ఆవిడ గురువు. మార్చురీలో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు.

రెండింటికి వస్తానని ఇన్స్పెక్టరు ఫోను చేశాడు. అక్కని ఒక జత బట్టలు సర్దుకోమన్నాడు.

గోడ గడియారంలో పన్నెండూ పది.

*

వంటింట్లో అక్క పొయ్యి ముందు నిలబడింది. పొయ్యిమీద ఏమీ లేదు.

డాక్టరు తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. తిన్నగా చెప్పు. చొక్కా ఏది?"

"చెప్పానుగా."

"పోలీసులకి చెప్పావు. నాకు చెప్పు."

"నీకొకటి, వాళ్ళకొకటీ చెప్పడానికి నా దగ్గర రెండు నోళ్ళున్నాయా?"

"చూడు." డాక్టరు గొంతు తగ్గించింది. "నీకు అర్థం కావట్లేదు. తూటాతోపాటు పొగా, మసీ, కాలీకాలని మందూ బయటికొస్తాయి. తుపాకీ దగ్గరగా ఉంటే అవి చర్మంమీద పడతాయి. మధ్యలో గుడ్డ ఉంటే అన్నీ గుడ్డే పట్టేసుకుంటుంది, చర్మం శుభ్రంగా ఉంటుంది. బావ గాయం సరిగ్గా జేబు ఉండాల్సిన చోట ఉంది. జేబు గుడ్డా చొక్కా గుడ్డా, రెండు పొరలు. అందుకని ఒంటిని చూసి దూరం చెప్పడం కుదరదు. మాస్టారు కూడా అదే రాశారు, చొక్కా చూస్తేగాని దూరం చెప్పలేనని. ఆ వాక్యం ఒక్కటీ వదిలేసి మిగతాది చదివాడు ఇన్స్పెక్టరు. చొక్కా లేకపోతే వాళ్ళు దూరమనే అనుకుంటారు. దూరమంటే హత్య. హత్యంటే ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే."

అక్క ఖాళీ పొయ్యి వైపే చూస్తోంది.

"ఆ చొక్కా నిన్ను కాపాడుతుందే! వింటున్నావా?"

"వింటున్నా."

"మరి?"

అక్క పొయ్యి గట్టుమీద లేని మరకని కొంగుతో తుడుస్తోంది. తుడిచినచోటే మళ్ళీ తుడుస్తోంది.

"నాకు తెలుసు," అంది చివరికి. "దగ్గరగా పేలితే నల్లగా పడుతుందని నాకు తెలుసు. నువ్వే చెప్పావు. ఈ ఇంట్లోనే, అన్నం తింటూ. తనంతట తను కాల్చుకున్నవాడి చొక్కామీద మసి ఎలా ఉంటుందో చెప్తుంటే, తిండి దగ్గర ఈ మాటలేమిటే అని మీ బావ నవ్వాడు కూడా."

డాక్టరు గోడకి చేరగిలబడింది.

"ఆయన్ని చూడగానే గుండీలు తెంపేసి, చొక్కా లాగేసి, గాయం మీద తువ్వాలు అదిమిపట్టాను. చొక్కా చేతిలో ఉంది. చూశాను. నల్లగా, గుండ్రంగా. అప్పుడే తెలిసిపోయింది నాకు."

"ఏం తెలిసింది?"

"ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలా లేడే. చూపు ఆనట్లేదని బ్యాంకువాళ్ళు గార్డు పనిలోంచి తీసేశాక పదిహేను రోజులు ఆ కుర్చీలోంచి కదల్లేదు. పిలిస్తే పలకడు. ఆ రోజు పొద్దున పిచ్చుక..."

అక్క ఆగిపోయింది. వంటింటి గోడకి అవతల కూతురి గది. పందొమ్మిదేళ్ళ పిల్ల, కళ్ళద్దాల దుకాణంలో పని. పొద్దున లేచింది మొదలు నోరు మూయదని బావ పెట్టిన ముద్దుపేరు, పిచ్చుక. ఆరు రోజులుగా ఆ గదిలోంచి చప్పుడు లేదు.

"పిచ్చుక ఏమంది?" అడిగింది డాక్టరు, ఇంకా గొంతు తగ్గించి.

"ఏడాది నుంచీ కళ్ళు చూపించుకోమని బతిమాలుతోంది. ఆయన వినలేదు. ఆ రోజు విసిగిపోయి, 'చూపు పోయిందని ఒప్పుకోడానికి అంత నామోషీ అయితే ఇంట్లో కూర్చుని మమ్మల్ని చంపకు, ఎటైనా పో' అనేసి పనికెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ఆయన..." అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది ఆ మాట మోసుకుంటూ ఎలా బతుకుతుందే? ప్రమాదమని నమ్మితే కొన్నాళ్ళు ఏడ్చి తేరుకుంటుంది. అందుకే అలమారులోంచి నూనెసీసా, బ్రష్షు తెచ్చి బల్లమీద నేనే పెట్టాను. మూత విప్పాలని తోచలేదు. నేనేమన్నా తుపాకీలు తుడిచిన మొహమా?"

నవ్వబోయి ఏడ్చింది.

"నువ్వు జైలుకి పోతావే!"

"పోతే పోతాను. మా అమ్మ అలాంటిది కాదని అది నన్ను నమ్ముతుంది. నమ్మకపోతే నన్ను తిట్టుకుంటుంది. తనని తను తిట్టుకోదుగా."

"చొక్కా కాల్చేశావా?"

"కాల్చేద్దామనే పొయ్యి వెలిగించాను. చెయ్యి రాలేదు. నేను కుట్టిన చొక్కా అది. ఉతకనైనా ఉతకలేదు."

"ఎక్కడుంది మరి? పోలీసులు ఇల్లంతా వెతికారుగా."

అక్క జవాబివ్వకుండా తలుపు వైపు చూసింది.

తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో పెద్దావిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

"అయితే," అంది పెద్దావిడ, "వాడు తనంతట తనే..."

డాక్టరు ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యగారూ, అలాగని ఎవరూ..."

"నువ్వుండు డాక్టరమ్మా." ఆవిడ గోడ పట్టుకుని లోపలికొచ్చింది. కోడలి ఎదురుగా నిలబడింది. పొద్దుటి కోపం ఆ మొహంలో లేదు. అది లేకపోయేసరికి మొహం ఖాళీ అయిపోయినట్టుంది. "నేను పక్క వీధిలోనే ఉన్నానే. రోజూ వచ్చి వాణ్ణి చూసి వెళ్తూనే ఉన్నానే. ఆ రోజు కూడా పదకొండింటికి వచ్చి ఏరా, తిన్నావా అంటే, ఊఁ అన్నాడు. నాకేం తెలీలేదే! కన్నతల్లినే, నాకేమీ తెలీలేదే!"

"అత్తయ్యా, కూర్చోండి."

"నువ్వే చంపానని చెప్పవే." పెద్దావిడ కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "నీ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వే చంపావంటే నిన్ను తిట్టుకుంటూనైనా బతుకుతాను. వాడే అంటే నేనెవర్ని తిట్టుకోవాలి?"

అక్క ఆవిడని పొదివి పట్టుకుంది. ఇద్దరూ అలాగే వంటింటి నేలమీద కూలబడ్డారు.

డాక్టరు ఫోను తీసింది.

"ఎవరికి?" అక్క తల ఎత్తింది.

"మాస్టారికి."

"వద్దు. నా మీద ఒట్టు."

"ఒట్లు తర్వాత పెట్టుకుందాం." డాక్టరు నంబరు వెతుకుతోంది. "అక్కా, పొరపాటు నాది. ఆ రోజు నేను సగమే చెప్పాను. మసి పడితే దగ్గర అని మాత్రమే అర్థం. ఎవరు కాల్చారో మసి చెప్పదు. కావాలని పేలిందో, చెయ్యి జారి పేలిందో అసలే చెప్పదు. సగం చెప్పి ఊరుకున్నాను. నువ్వా సగాన్ని పట్టుకుని ఇంత పని చేశావు."

*

మాస్టారు రెండింటికి ఐదు నిమిషాలముందు ఇన్స్పెక్టరుతో కలిసే వచ్చాడు. పొట్టి మనిషి. వచ్చీరాగానే శిష్యురాలి మీద విరుచుకుపడ్డాడు.

"చొక్కా ముట్టుకున్నావా?"

"లేదు సార్. ఎక్కడుందో కూడా నాకు తెలీదు."

"బతికించావు. ఆ గోడ దగ్గర నిలబడు. నోరు తెరవకు. ఈ ఇంట్లో నువ్వు డాక్టరువి కాదు."

ఇంక దాచి లాభం లేదని అక్క వాళ్ళని కుట్టుమిషను గదిలోకి తీసుకెళ్ళింది. దర్జీపని ఆమెది. మూలన చెక్కబొమ్మకి ఎవరిదో సగం కుట్టిన కోటు తొడిగి ఉంది. పోలీసులు ఆ రోజు దాని జేబులు కూడా తడిమారు.

"లోపల," అంది అక్క.

కోటు లోపలి పొరకీ పైపొరకీ మధ్య, ఖాకీ చొక్కా ముందుభాగం పరిచి పెద్దపెద్ద కుట్లు వేసి ఉంది.

ఇన్స్పెక్టరు మొహం ఎర్రబడింది. "ఈ బొమ్మ పక్కనే నిలబడి నాకు కాఫీ ఇచ్చావమ్మా నువ్వు!"

"ముందు ఫొటో తియ్యండి, తర్వాత కోప్పడుదురుగాని," అన్నాడు మాస్టారు.

ఫొటోలు తీశారు. బల్లమీద తెల్లకాగితం పరిచారు. మాస్టారు అక్కకి చేతి తొడుగులిచ్చి, కుట్లు ఆమెనే విప్పమన్నాడు. వేసినవాళ్ళకే తెలుస్తుంది ఎక్కడ లాగితే గుడ్డ కదలదో అన్నాడు. అక్క ఒక్కొక్క దారమే తెంపింది. చివరి కుట్టు దగ్గర మాత్రం చేయి ఆడలేదు. అది మాస్టారే తెంపాడు.

జేబు మీద చిన్న కన్నం. దాని చుట్టూ మసి, కింది వైపు చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా. ఆ పైన మిరియం పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. కిందంతా ఎండిన నెత్తురు.

మాస్టారు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. కాగితాన్ని కిటికీ వైపు తిప్పి మళ్ళీ చూశాడు.

"ఆనించి పేలింది కాదు. ఆనితే మసి ఇంత పరుచుకోదు, గుడ్డ నక్షత్రంలా చీలుతుంది. దూరం నుంచి పేలిందీ కాదు. దూరమైతే మసే ఉండదు. జానెడు లోపు. కింది నుంచి పైకి, కాస్త వాలుగా."

"కచ్చితంగానా?" అన్నాడు ఇన్స్పెక్టరు.

"అదే తుపాకీతో, అదే రకం తూటాతో, ఇలాంటి గుడ్డమీదే కాల్చి పోల్చి చూశాక కచ్చితం. అప్పటిదాకా నా అంచనా."

"ఆ తానులో ముక్క మిగిలింది," అంది అక్క మెల్లగా. "మోచేతులు చిరిగితే వేద్దామని దాచాను."

మాస్టారు ఆమె వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. "ఇవ్వమ్మా. పనికొస్తుంది."

ఇన్స్పెక్టరు నోటుపుస్తకం తెరిచాడు. "అంటే ఈవిడ కాల్చలేదనేనా?"

"నేనలా అనలేదు. జానెడు దూరంలో ఈవిడా నిలబడొచ్చు."

"మరి అతనే కాల్చుకున్నాడా?"

"అదీ అనలేదు."

"పొరపాటున పేలిందంటారా?"

"నాచేత అనిపించకండి. ఇతనికి చూపు ఆనదని విన్నాను." మాస్టారు అక్కని అడిగాడు. "ఆ టైములో కళ్ళజోడు ఉందా?"

"ఆయనకి కళ్ళజోడే లేదండీ. చేయించుకోలేదు."

"అదీ సంగతి. లోపల తూటా ఉందో లేదో సరిగా ఆనక, దగ్గరకి తెచ్చుకుని చూసుకునేవాడి చెయ్యి కూడా జానెడు దూరంలోనే ఉంటుంది. పేలితే ఇలాగే పేలుతుంది. మూడింటికీ ఈ ఒక్క మసే సరిపోతుంది, ఇన్స్పెక్టరుగారూ. గాయం నాకు దూరం చెప్తుంది, దిక్కు చెప్తుంది. మిగతాది ఇల్లు చెప్పాలి. ఏ వస్తువు ఎక్కడుంది, మనిషి ఆ పూట ఏం చేశాడు, ఎవరితో ఏం మాట్లాడాడు. ఈ ఇల్లేమో ఆరు రోజులుగా నాకు అబద్ధం చెప్తోంది."

అక్క తల వంచుకుంది.

"ఇలాగే ఉంటే నేనొక్క మాటే రాస్తాను, మరణ విధం తేల్చలేమని. ఆ మాట మీకు మేలు చెయ్యదమ్మా. జీవితాంతం అనుమానం మీ ఇంట్లోనే కాపరం ఉంటుంది."

"నాకది చాలండీ," అంది అక్క. "తేలకపోతేనే నయం."

"అక్కా!" గోడ దగ్గర్నుంచి డాక్టరు అరిచింది.

"నిన్ను నోరు తెరవద్దన్నాను," అన్నాడు మాస్టారు, తిరిగి చూడకుండానే.

ఇన్స్పెక్టరు పుస్తకం మూశాడు. "హత్య సంగతి తర్వాత చూద్దాం. సాక్ష్యం దాచినందుకైనా ఈవిణ్ణి నేను తీసుకెళ్ళాలి. బట్టలు సర్దుకున్నారా?"

అక్క కుట్టుమిషను కింద నుంచి సంచీ తీసింది. పొద్దున్నే సర్దేసుకుంది.

అప్పుడు పక్కగది గడియ తీసిన చప్పుడైంది.

*

పిచ్చుక వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు. కళ్ళకింద గుంటలు. రెండు చేతులతో ఫోను పట్టుకుంది, వేడి గిన్నె పట్టుకున్నట్టు.

"గోడ పలచన. నాకన్నీ వినిపించాయి," అంది.

అక్క చేతిలోంచి సంచీ జారింది. "ఏం వినిపించాయి? ఏమీ లేదమ్మా. నువ్వు లోపలికెళ్ళు."

"నేనన్న మాట నాకు గుర్తులేదనుకున్నావా అమ్మా? దుకాణంలో సగం పూట ఆ మాటే తిరిగింది బుర్రలో. సాయంత్రం వచ్చి కాళ్ళమీద పడదామనుకున్నా."

"అది కోపంలో అన్నమాటే. మీ నాన్న పట్టించుకోనేలేదు."

"పట్టించుకున్నాడు." పిచ్చుక ఫోను ముందుకి చాపింది. "మెసేజి పెట్టాడు. రాసింది కాదు, మాట్లాడి పంపింది. మూడూ పన్నెండుకి. నలభై ఒక్క సెకన్లు."

మూడున్నరకి తుపాకీ పేలింది. ఆ లెక్క అందరికీ ఒకేసారి అందింది.

"ఏం చెప్పాడు?" అడిగాడు ఇన్స్పెక్టరు.

"వినలేదు."

"ఆరు రోజుల్నుంచీ?" డాక్టరు నమ్మలేకపోయింది.

"అప్పుడు దుకాణం నిండా జనం. తర్వాత వింటాలే అనుకున్నా. తర్వాత మీరు ఫోను చేశారు పిన్నీ, ఇలా అయిందని." పిచ్చుక ఫోను దగ్గరికి లాక్కుంది. "ఇంక వినలేకపోయాను. అందులో నాకు జవాబుంటుంది. అది ఎలాంటి జవాబైనా, ఇంక తిరిగి నేనేమీ అనలేను. వినకుండా ఉంటే ఇంకా చెప్పనట్టే కదా అనుకున్నా. రోజూ చార్జింగు పెడుతున్నా, పోకుండా."

మాస్టారు గొంతులోంచి విసురు మాయమైంది. "తల్లీ, నువ్వు వినితీరాలని లేదు. ఫోను మాకిస్తే మేము వేరే చోట విని, నీకు చెప్పగలిగిందే చెప్తాం."

"వద్దండీ. మా అమ్మ జైలుకెళ్తుంటే నేను వినడానికి భయపడి కూర్చోనా?"

"పిచ్చుకా, వద్దే," అంది అక్క. "నీకు దణ్ణం పెడతాను. నేను వెళ్ళొస్తాను, నాకేం కాదు. అది వినకు."

పెద్దావిడ ఎప్పుడు వచ్చిందో గుమ్మం పక్కన నేలమీద కూర్చుంది. "వినిపించు," అంది. "వాడి గొంతు నాకూ కావాలి."

పిచ్చుక కుట్టుమిషను బల్లమీద ఫోను పెట్టింది. వేలు ఆనించింది.

మొదట కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తర్వాత దగ్గు. బావ దగ్గే. పెద్దావిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. బయట ఏదో బండి పోయిన మోత, అది దూరమయ్యేదాకా ఆగినట్టు కాస్త నిశ్శబ్దం.

"పిచ్చుకా... నాన్ననే. పొద్దున నువ్వన్న మాటే ఆలోచిస్తున్నానే. నువ్వన్నది నిజమే. అందుకని ఇవాళ..."

గొంతు తెగిపోయింది. అక్క అరచెయ్యి ఫోనుమీద పడింది. ఎక్కడ నొక్కిందో, ఆగిపోయింది.

ఇన్స్పెక్టరు ఒక అడుగు ముందుకేశాడు. మాస్టారు అతని భుజం పట్టుకుని ఆపాడు.

"అమ్మా," అంది పిచ్చుక. "చెయ్యి తియ్యి."

అక్క తియ్యలేదు. బల్ల అంచుకి పొట్ట ఆనించి, ఒళ్ళంతా బరువేసి అదిమిపట్టింది.

పిచ్చుక వంగి, తల్లి చిటికెనవేలు పట్టుకుని మెల్లగా పైకెత్తింది. తర్వాత దాని పక్క వేలు.